కాలదానము: పరుల బిడ్డల నడుమ పెద్దవాని ధర్మము

దానమనగానే వర్తకుని చేయి గల్లాపెట్టె వైపు పోవును. ఇది నిందగా చెప్పు మాట కాదు. తరతరములుగా ఆ చేయి అటు పోవుటచేతనే ధర్మశాలలు లేచినవి, పింజరాపోలులు నిలిచినవి, వేసవిలో చలివేంద్రములు వెలసినవి, పేదబిడ్డల బడి జీతములు చెల్లినవి. బళ్ళారిలోనైనను, షోలాపురములోనైనను, చెన్నపట్టణములోనైనను, బరంపురములోనైనను జైన వర్తక కుటుంబములున్న వీథి నుండి చందా పుస్తకము ఊరక తిరిగిపోవుట అరుదు.

అట్టి వీథిలోని ఒక అంగడికి ఒకనాటి సాయంకాలము స్కౌట్ మాస్టరు వచ్చినాడనుకొనుడు. ఆయన పగలు బడిలో లెక్కలు చెప్పును. ఆదివారము పిల్లలను చేర్చి స్కౌటు దళము నడుపును. "షావుకారుగారూ, డేరాలు చినిగిపోయినవండీ. రెండు క్రొత్తవి కావలెను" అని అడుగును. షావుకారు ఆయనను కూర్చుండబెట్టి, కాఫీ తెప్పించి, బేరమాడకుండ చెక్కు వ్రాసి యిచ్చును. మాస్టరు లేవబోవుచు మరొక మాట అడుగును: "ఆదివారము సాయంకాలము రెండు గంటలు మీరు కూడ వచ్చి పిల్లలతో ఉండగలరా? ఒక్కడనే 30 మందిని చూచుకొనలేకున్నాను." అప్పుడు షావుకారు ముఖము మారును. "తీరిక ఎక్కడిదండీ? కావలసిన ఇంకొక డేరాకు కూడ వ్రాసెదను" అనును.

ఈ షావుకారు లోభి కాడు. రెండు డేరాలు అడిగినచో మూడు ఇచ్చువాడు. అయినను రెండు గంటలు ఇయ్యలేకపోయినాడు. ఎందుచేత? ధనమునిచ్చుటకును, వేళనిచ్చుటకును భేదమేమి? తన బిడ్డలు కానివారి కొరకు తన ఆదివారమును ఇచ్చుట గృహస్థునకు ధర్మమా, లేక తీరికయున్నవారి వేడుకయా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, విప్పి చూచినచో దానధర్మమునకు సంబంధించిన పెద్ద చిక్కులన్నియు అందులోనే యున్నవి.

ముందుగా ఆ సంస్థ ఎట్టిదో కొంచెము తెలిసికొనుట మంచిది. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరమునగల బ్రౌన్‌సీ అను చిన్న ద్వీపములో బేడెన్ పవెల్ అను సైనికాధికారి సుమారు 20 మంది బాలురను తీసికొనిపోయి వారము రోజులు శిబిరము నడిపెను. వారిలో కొందరు సంపన్నుల బడులలో చదువుచున్నవారు, కొందరు పనివాండ్ర బిడ్డలు. అందరిని కలిపి నాలుగు జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టునకు ఒక బాలునే నాయకునిగా ఉంచెను. మరుసటి సంవత్సరము, అనగా 1908లో, ఆయన పుస్తకము భాగములు భాగములుగా వెలువడెను. దానిని చదివిన పిల్లలు ఎవరును చెప్పకయే తమంతట తాము జట్లు కట్టుకొనిరి. కట్టుకొన్న తరువాత తమకు తోడుండుటకు ఒక పెద్దవానిని వెదకికొనిరి. ఈ వరుసను గుర్తుంచుకొనవలెను. సంస్థకు పెద్దలు పిల్లలను పోగుచేయలేదు. పిల్లలే పెద్దలను పిలిచిరి. 1910లో బాలికలకు గైడ్ సంస్థ ఏర్పడెను.

భరతఖండములో ఈ ఉద్యమము 1909లో బెంగుళూరులో ఆరంభమైనది. కాని తొలుత అది దొరల బిడ్డలకును, ఆంగ్లో ఇండియన్ బిడ్డలకును మాత్రమే. భారతీయ బాలురకు అందులో చోటు లేదు. అప్పుడు దేశములోని పెద్దలు ఊరకుండలేదు. 1916లో అనిబిసెంటమ్మగారు చెన్నపట్టణములో భారతీయ బాలుర కొరకు వేరుగా సంఘము స్థాపించిరి. అలహాబాదులో మదన మోహన మాలవ్యాగారు, హృదయనాథ కుంజ్రూగారు, శ్రీరామ్ బాజ్‌పేయిగారు సేవాసమితి స్కౌటు సంఘమును నడిపిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1950 నవంబరు 7వ తేదీన వేరువేరు సంఘములు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఒకే సంస్థ అయినవి. 1951 ఆగస్టు 15న గైడ్ సంఘము కూడ అందులో చేరినది. ఈ చరిత్రలో కనబడునది ఇది: పిల్లలకు తలుపు మూయబడినపుడు, తమకు వేరే పనులున్నను, కొందరు పెద్దలు లేచి మరొక తలుపు తెరచిరి. దేశసేవలో తలమునకలైయున్న మాలవ్యాగారికి గాని, కుంజ్రూగారికి గాని షావుకారుకంటె ఎక్కువ తీరిక ఉండినదని ఎవరును చెప్పలేరు.

ఈ సంస్థలో దళము నడుపు స్కౌట్ మాస్టరునకు గాని, గైడ్ కెప్టెనునకు గాని ఆ పనికై జీతము లేదు. బడిపంతులో, బ్యాంకు గుమాస్తాయో, గృహిణియో తమ ఆదివారములను వెచ్చించి నడుపుచున్నారు. పైగా వారు బేసిక్, అడ్వాన్స్‌డ్ అను శిక్షణలు పొందవలెను. ఆ పైన హిమాలయ వుడ్ బ్యాడ్జి అను అర్హత కలదు. అది లభించినవారికి మెడలో వేసికొనుటకు తోలు త్రాటికి గ్రుచ్చిన రెండు చిన్న కొయ్యపూసలు ఇత్తురు. బంగారము తూచు వర్తకుడు ఆ పూసలను త్రాసులో వేసినచో ముల్లు కదలుటయే కష్టము. ఇన్ని సంవత్సరముల శ్రమకు అంతియే ప్రతిఫలము.

ఇక అసలు విచారణకు రావలెను. తత్త్వార్థసూత్రము దానము యొక్క విలువను నాలుగింటినిబట్టి తూచవలెనని బోధించును: ఇచ్చిన విధి, ఇచ్చిన ద్రవ్యము, ఇచ్చిన దాత, పుచ్చుకొన్న పాత్రుడు. ఈ నాలుగును సాధుసేవను గూర్చి వినునపుడు శ్రావకులకు పరిచితమైనవే. పిల్లలకిచ్చు ఆదివారమును కూడ ఈ నాలుగు రాళ్ళతోనే తూచి చూచుట యుక్తము.

మొదట ద్రవ్యము. ఇక్కడ ద్రవ్యము కాలము. ధనము పోయినచో వచ్చు సీజనులో మరల రావచ్చును. పోయిన ఆదివారము ఏ సీజనులోను రాదు. కనుకనే షావుకారు ముఖము మారినది. అతడు లెక్క తెలిసినవాడు. తిరిగి రాని సరకు ఏదో అతనికి వెంటనే తెలిసినది. పరిగ్రహమునకు మితి పెట్టుకొనుట గృహస్థుని వ్రతములలో ఒకటి. పొలమునకు, ఇంటికి, బంగారమునకు, ధాన్యమునకు మితి చెప్పుకొందురు. కాలమును కూడ మనుష్యుడు తన సొత్తుగానే పట్టుకొనియుండునని ఎవరును తలపరు. "నా ఆదివారము" అనునపుడు "నా" అను మాటపై ఎంత బరువుండునో చూచినచో, అది కూడ ఒక పరిగ్రహమేనని తెలియును.

అయితే లెక్క తెలిసినవానికి ఇంకొక సందేహము రావలెను. ఇచ్చుచున్న ఆ కాలము నిజముగా అతనిదేనా? ఉమ్మడి అంగడిలో అన్న ఆదివారము శిబిరమునకు పోయినచో తమ్ముడు అంగడి చూడవలెను. తండ్రి పరుల బిడ్డలకు ముడులు వేయుట నేర్పుచుండగా, ఇంటిలో తన బిడ్డకు పాఠము చెప్పువారు లేకపోవచ్చును. ముసలితల్లిని గుడికి తీసికొనిపోవు వేళ కూడ అదియే కావచ్చును. "అన్నా, అక్కడ నీకు చప్పట్లు కొట్టినారు. ఇక్కడ బేళ్ళు నేను దింపించినాను" అని తమ్ముడు అన్నచో ఆ మాటలో న్యాయము కలదు. ఇయ్యని దానిని తీసికొనుట అదత్తాదానమని శాస్త్రము నిషేధించుచున్నది. తమ్ముని శ్రమను, ఇల్లాలి విశ్రాంతిని అడుగకయే తీసికొని, దానిని తన దానముగా ఊరిలో చూపించుట ఆ దోషమునకు దగ్గరి చుట్టమే. కనుక కాలదానము ఇంటిలో అడిగి ఆరంభింపవలెను. ఇల్లాలు, తమ్ముడు సమ్మతించినచో ఆ దానములో వారికిని భాగమున్నదని నలుగురిలో చెప్పవలెను. వారు సమ్మతింపనిచో రెండు గంటలకు బదులు ఒక గంట ఇయ్యవలెను; వారమునకు బదులు నెలకు రెండుసార్లు పోవలెను. తక్కువైనను తనదైన దానినే ఇచ్చుట మేలు.

రెండవది దాత. ఈ పనికి మనుష్యుడు ఎందుకు వచ్చుచున్నాడు? నిజము చెప్పవలెనన్నచో అనేకులు తమ కొడుకు అందులో చేరినాడని వత్తురు. కొందరు ఊరిలో నలుగురు గౌరవించుటకు వత్తురు. కొందరికి యూనిఫారము, ఈల, "సార్" అను పిలుపు ఇంపుగా నుండును. ఇంటిలో తన మాట చెల్లనివానికి 30 మంది పిల్లలు వరుసగా నిలిచి వందనము చేయుట ఒక మత్తు. మంచి పనికి ఫలమును కోరుటను శాస్త్రము నిదానమని పేరు పెట్టి, లోపల గ్రుచ్చుకొను ముల్లుగా లెక్కించినది. పాదములో ముల్లున్నవాడు నడువగలడు గాని, ప్రతి అడుగును ఆ ముల్లు చెప్పినట్లే వేయును.

అట్లని మనసు పూర్తిగా శుద్ధి అయిన తరువాతనే సేవకు పోవుదునని కూర్చున్నవాడు జీవితకాలమంతయు కూర్చుండియే యుండును. కొడుకు కొరకు వచ్చుట పాపము కాదు. అది తలుపు మాత్రమే. తలుపులో నిలిచిపోవుటయే దోషము. కొడుకు జట్టునకే మంచి డేరా, కొడుకునకే నాయకత్వము, కొడుకు పొరపాటునకు మాత్రము క్షమ అను తీరు వచ్చినచో ఆ తండ్రి ఇంటియొద్దనే యున్న మేలు. పరీక్ష ఒకటి కలదు. కొడుకు పెరిగి దళము విడిచి కాలేజీకి పోయిన మరుసటి ఆదివారము ఆ తండ్రి ఎక్కడ నుండును? ఆనాడు కూడ మైదానములో కనబడినచో, అతడు తన కొడుకు కొరకు వచ్చి పరుల కొడుకుల కొరకు నిలిచినవాడు. అట్టివాని మొదటి కారణమును ఎవరును తప్పు పట్టనక్కరలేదు.

మూడవది పాత్రుడు, అనగా పుచ్చుకొనువాడు. ఇక్కడ పుచ్చుకొనువాడు బాలుడు. అతడు బిచ్చగాడు కాడు, ఖాళీ కుండయు కాడు. అతనికి తన తల్లిదండ్రులున్నారు, తన ఇంటి ఆచారమున్నది, తన బుద్ధి యున్నది. శిబిరములో రకరకముల ఇండ్ల పిల్లలు చేరుదురు. జైన గృహము నుండి వచ్చిన బాలుడు ప్రొద్దు క్రుంకకముందే భోజనము చేయును, దుంపకూరలు ముట్టడు, నీరు వడగట్టి త్రాగును. ప్రక్కనున్నవాడు ఇవి ఏవియు ఎరుగడు. పెద్దవాడు వారిలో ఒకని ఆచారమును దాచిపెట్టకూడదు, రెండవవానిపై రుద్దకూడదు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నియమములు తొమ్మిది. వానిలో అందరికిని మిత్రుడై యుండవలెననుట ఒకటి, జంతువులకు మిత్రుడై ప్రకృతిని ప్రేమింపవలెననుట మరొకటి, పొదుపు ఒకటి, తలంపులోను మాటలోను చేతలోను శుచిగా నుండవలెననుట ఒకటి. మనోవాక్కాయములను కాపాడుకొనవలెనని నిత్యము వినుచున్న ఇండ్లకు ఇవి పరాయి మాటలు కావు. పొయ్యిలో పెట్టు కట్టెను ముందు నేలకు తట్టి చీమలున్నవేమో చూచు బాలుని చూచి, ఎవరును చెప్పకయే ప్రక్కవాడును తన కట్టెను తట్టును. ఉపన్యాసము కంటె అది ఎక్కువ పని చేయును.

పాత్రుని విషయములో ఇంకొక కఠినమైన మాట చెప్పక తప్పదు. పిల్లలను పెద్దవాని చేతిలో పెట్టుట తల్లిదండ్రులు పెట్టు అన్ని డిపాజిట్లలోను విలువైనది. ఆ నమ్మకమును చెరచిన దుర్మార్గులు దేశదేశముల యువజన సంస్థలలో బయటపడినారు. అందుచేత నేడు ఇట్టి సంస్థలలో పెద్దవాడు ఒక్కడే ఒక బిడ్డతో ఏకాంతముగా నుండరాదనియు, శిబిరమునకు ఇద్దరు పెద్దలైనను ఉండవలెననియు నియమములు పెట్టుచున్నారు. 18 ఏండ్లు నిండని బిడ్డల రక్షణకై 2012లో పోక్సో చట్టము వచ్చినది; నేరము తెలిసియు చెప్పక దాచుట కూడ ఆ చట్టములో శిక్షకు తగిన తప్పే. గౌరవస్థుడైన షావుకారునకు ఇది అవమానముగా తోచవచ్చును. "నన్ను కూడ అనుమానింతురా?" అని అడుగవచ్చును. ఆయన తన అంగడిలోని తూనికరాళ్ళను ఒకసారి చూచుకొనవలెను. తూనికలశాఖ వారు వానిని గడువు ప్రకారము పరీక్షించి ముద్ర వేయుదురు. నిజాయితీగల వర్తకుడు ఆ ముద్రను అవమానమని తలచునా? కొనువానికి ధైర్యము కలుగుటకే కదా ముద్ర యని తానే ముందుకు తెచ్చి చూపించును. అన్ని దానములలో అభయదానము గొప్పదని చెప్పుదురు. బిడ్డకు భయము లేకుండ చేయుటకై తనపై తానే నియమము పెట్టుకొనుట ఆ దానములోని భాగమే.

నాలుగవది విధి, అనగా ఇచ్చు తీరు. ఇదియే అన్నింటికంటె కష్టమైనది. ముఖ్యముగా ధనవంతునకు కష్టమైనది. ఇందుకు ఒక దృష్టాంతము చూడుడు.

ఒక బట్టల వర్తకుడు కొంతకాలముగా దళమునకు తోడ్పడుచున్నాడనుకొనుడు. అతని కొడుకు కూడ అందులోని ఒక జట్టువాడే. జట్టులో ఏడుగురు బాలురు. శిబిరపు వంటసామాను కొరకు ఒక్కొక్కరు 300 రూపాయలు వేసికొని 2,100 రూపాయలు కూడబెట్టి, 13 ఏండ్ల బాలునొకనిని కోశాధికారిగా పెట్టుకొనిరి. శిబిరము నాలుగు దినములున్నదనగా లెక్క చూడగా 1,460 రూపాయలే తేలినవి. 640 రూపాయలు కనబడలేదు. బాలుడు తెల్లబోయి, "ఎక్కడో పడిపోయినవి" అన్నాడు. జట్టులోని వారికి ఇంకను తెలియదు.

వర్తకునకు 640 రూపాయలనగా అంగడిలో కొన్ని దినముల కాఫీ ఖర్చు. కొడుకు రాత్రి మెల్లగా వచ్చి, "నాన్నా, మనకు అదొక లెక్కా? నీవు వేసివేయరాదా? వాడు రోజంతా ఏడ్చినాడు" అని అడిగినాడు. తండ్రి చేయి ఎప్పటివలె పెట్టె వైపు పోయినది. జాలియు అటే లాగినది. పైగా దీపావళి సీజను. అంగడిలో ఊపిరి సలుపుటలేదు. డబ్బు వేసివేసినచో ఐదు నిమిషములలో తీరిపోవు పని.

అప్పుడతనికి తోచినది ఇది. ఆ డబ్బు వేసినచో ఎవరి కష్టము తీరును? బాలునిదా, తనదా? లెక్క తప్పినపుడు ఎవరో పెద్దవాడు వచ్చి పూడ్చునని ఆ బాలుడు నేర్చుకొనును. ఆ పాఠము నేర్చినవాడు 30 ఏండ్లకు ఏ అంగడిలో ఏ పెట్టెయొద్ద కూర్చుండునో! సరే, డబ్బు ఇయ్యకుండ నలుగురిలో నిలువబెట్టి అడిగినచో? బాలునకు దొంగయను పేరు పడును. మరల దళము ముఖము చూడడు. ఒక బిడ్డను పోగొట్టుకొని 640 రూపాయల లెక్క సరిచేయుట ఏమి వ్యాపారము? రెండువైపులను నష్టమే కనబడినది. మిగిలిన త్రోవ ఒక్కటే. దానికి డబ్బు అక్కరలేదు గాని వేళ కావలెను. ఆ దినములలో అతనియొద్ద లేనిది వేళయే.

తమ్ముని అడిగి, వరుసగా మూడు సాయంకాలములు అంగడి అతనికి ఒప్పగించినాడు. స్కౌట్ మాస్టరును కూడ కూర్చుండబెట్టుకొని, తలుపు తెరచియుంచి, బాలుని ముందు ఒక చిట్టా పుస్తకము పెట్టినాడు. "నీవు తీసినావా?" అని అడుగలేదు. "మొదటి రోజు నుండి వ్రాయుము. ఎవరిచ్చినారు, ఎప్పుడిచ్చినారు, దేనికి పోయినది" అన్నాడు. మొదటి సాయంకాలము త్రాడును, లాంతరుకు సామానును బిల్లు లేకుండ కొన్న సంగతి బాలునకు జ్ఞాపకము వచ్చినది. 210 రూపాయలు తేలినవి. రెండవ సాయంకాలము చాలసేపు మాటలాడక, తుదకు ఒక స్నేహితునకు పరీక్ష ఫీజునకై 300 రూపాయలు బదులిచ్చితినని చెప్పినాడు. మూడవ సాయంకాలము మిగిలినవి 130. పెద్దవాండ్రిద్దరును ఊరకున్నారు. బాలుడు కలము క్రింద పెట్టి, "అవి తిన్నాను" అన్నాడు. వ్రాయుమన్నారు. వ్రాసినాడు. లెక్క సరిపోయినది.

ఆ రాత్రి వర్తకునకు నిద్ర పట్టలేదు. మరునాడు బాలుడు జట్టునకు తానే చెప్పవలెను, చెప్పకపోవచ్చును, రాకయే పోవచ్చును. వచ్చునని పూచీ ఇచ్చువారెవరును లేరు. చేతిలో డబ్బుండియు, దానిని తీయక, ఆ భయమును మోయుట అతడిచ్చిన దానములో బరువైన భాగము. బాలుడు వచ్చినాడు, చెప్పినాడు. జట్టులో ఇద్దరు కోపపడినారు. తరువాత వారే కూర్చుండి తీర్మానించుకొనిరి: బదులు తీసికొన్నవాడు నెలకు 100 చొప్పున ఇయ్యవలెను, 130 రూపాయలు బాలుడు తన చేతిఖర్చులో మిగిల్చి చెల్లింపవలెను, శిబిరములో తీపివంటకము మానవలెను, ఇకమీదట లెక్క ఇద్దరు వ్రాయవలెను. బాలుని కోశాధికారిగానే ఉంచిరి. వర్తకుడు ఒక్క మాట అనలేదు. శిబిరములో వారితో కలిసి తీపి లేని భోజనమే చేసినాడు. అతని సంచిలో ఇంటినుండి వచ్చిన లడ్డూల డబ్బా యుండినది. దానిని విప్పక ఇంటికి తిరిగి తెచ్చినాడు.

ఇందులో అతడిచ్చినదేమి? 640 రూపాయలు ఇయ్యలేదు. మూడు సాయంకాలములు, ఒక రాత్రి నిద్ర, చేయి చాపకుండ పట్టుకొన్న నిగ్రహము ఇచ్చినాడు. విధి యనగా ఇదియే. పిల్లల సేవలో ఇయ్యవలసినపుడు ఇచ్చుట సగము. ఇయ్యగలిగియు చేయి ముడుచుకొనుట తక్కిన సగము. ముడి తానే వేయుట పెద్దవానికి ఒక్క నిమిషము. బాలుడు వేయుచు, విప్పుచు, తప్పుచు, మరల వేయుచుండగా ప్రక్కన చేతులు కట్టుకొని నిలుచుట అరగంట. ఆ అరగంట ఓర్పే శిక్షణ. స్కౌట్ మాస్టరు పంతులును కాక, సేనాధిపతియు కాక, పిల్లలకు పెద్దన్నవలె నుండవలెనని బేడెన్ పవెల్ వారికై వ్రాసిన గ్రంథములో బోధించినది ఈ భావముతోనే.

ఇంత విన్న తరువాత కొందరు ఒక ఆక్షేపణ చేయుదురు: "అందరును మైదానమునకు పోయినచో డేరాలకు డబ్బెవరిత్తురు? ధనదానము తక్కువదా?" తక్కువది కాదు. డేరా లేనిచో వానలో శిబిరము లేదు. రోగముచేతనో, ముసలితనముచేతనో, పసిబిడ్డలచేతనో కదలలేనివారికి ధనమే త్రోవ. ఆక్షేపణ ధనదానముపై కాదు. వేళ ఇయ్యవలసినచోట ధనమిచ్చి తప్పించుకొనుటపై. చెక్కు కొన్నిసార్లు దానము. కొన్నిసార్లు అది "ఇక నన్ను పిలువకుడు" అని వ్రాసియిచ్చిన చీటి. ఆ రెండింటికిని అంకె ఒకటే, సంతకము ఒకటే. భేదము వ్రాసినవానికి మాత్రమే తెలియును.

తీరిక లేదను మాటను కూడ లెక్కవేసి చూడవచ్చును. వారమునకు రెండు గంటల చొప్పున ఏడాదికి 50 వారములు పోయినచో 100 గంటలు. ఏడాదిలో 8,760 గంటలున్నవి. నూటికి రెండవ వంతు కూడ కాదు. బేరములో ఇంతకంటె ఎక్కువ తగ్గింపు ప్రతి ఖాతాదారునకును ఇచ్చుచున్నారు. అదియు కుదరనివారికి చిన్న పనులు కలవు: దళము లెక్కలను ఏడాదికొకసారి తనిఖీ చేయుట, శిబిరపు సామాను కొనిపెట్టుట, పిల్లలను ఒకనాడు అంగడికి పిలిచి చిట్టా ఆవర్జాలు వ్రాయు తీరు చూపించుట. బేలు కట్టు ముడి, సరకు చూడగానే నాణ్యము తెలియు కన్ను, ఇచ్చిన మాటకు నిలుచు అలవాటు వర్తకునియొద్ద నున్నట్లు మరెవ్వరియొద్దను లేవు. అవి పుస్తకములలో దొరకవు. ప్రక్కన నిలిచినవానికే అబ్బును. ఇల్లాండ్రకును ఇదే మాట. ఇంటిలో 20 మందికి వండి వడ్డించి, ఎవరికి ఏది పడదో జ్ఞాపకముంచుకొను తల్లి గైడ్ దళమునకు చేయగల సహాయము ఏ అధికారియు చేయలేడు.

తుదకు, ఈ దానము ఫలించినదని ఎట్లు తెలియును? ధర్మశాలకు రాతిపలక కలదు. కాలదానమునకు పలక లేదు. దానికి గుర్తు వేరు. ఒక ఆదివారము పెద్దవాడు జ్వరముచేతనో, రైలు ఆలస్యముచేతనో గంట ఆలస్యముగా మైదానమునకు చేరును. ఈల ఊదకయే పిల్లలు వరుసలో నున్నారు, జెండా ఎగిరినది, జట్టు నాయకుడు చిన్నవానికి ముడి నేర్పుచు, తాను వేయక, చేతులు కట్టుకొని నిలిచియున్నాడు. పెద్దవానిని ఎవరును గమనింపలేదు. ఆ క్షణములో మనసు చివుక్కుమన్నచో ముల్లు ఇంకను లోపల నున్నదని గ్రహింపవలెను. సంతోషము కలిగినచో, ఇచ్చినది చేరవలసిన చోటికి చేరినదని తెలిసికొని, చెట్టు క్రింద ఒక ప్రక్కగా కూర్చుండవచ్చును.

మరల ఆ స్కౌట్ మాస్టరు చందా పుస్తకముతో వీథిలోనికి వచ్చును. డేరాలకు ఇయ్యవలసినది ఇయ్యవలెను. తరువాత ఆయన రెండవ మాట అడుగకముందే, ఇంటిలో తమ్మునితోను ఇల్లాలితోను ఒక్కసారి మాటలాడియుంచుట మేలు.